గాలిలారీకి నేను పెట్టిన పరీక్ష

2020 ఏప్రిల్ 5, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. మొన్న ఆల్థాన్‌లో చెవి డాక్టరమ్మ నా చెవులకు పెద్ద డిప్పలు తగిలించి, అరగంట పైన కూర్చోబెట్టి, కాగితం మీద ఏవో గీతలు గీసుకుని, ఎప్పటినుంచి వినబడటం లేదని అడిగితే నేను చెప్పిన జవాబు ఇది. ఆ డాక్టరమ్మ మన తెలుగు పిల్లే, వరంగల్‌లో చదువుకుని ఇటు వచ్చిందట. నా జవాబుకు నవ్వి, చెవులు అలా గడియారం చూసుకుని పోవని, నావి పాతికేళ్ళుగా కొంచెం కొంచెంగా పోతూ వచ్చి ఉంటాయని కాగితం మీద రాసి చూపించింది. నాకు నా పెళ్ళి తేదీ తెలుసు, సూరత్‌లో రైలు దిగిన తేదీ తెలుసు, పనిలో మొదటిసారి బట్ట చేతపట్టిన తేదీ, చివరిసారి మడిచిపెట్టిన తేదీ కూడా తెలుసు. ఈ ఒక్కదానికి తేదీ లేదంటే మనసు ఒప్పక, నాకు తోచినంతలో దగ్గరి తేదీ చెప్పాను. ఆ రోజు నిజంగా జరిగింది ఏమిటంటే, మా అటక మీది నుంచి ఒక బొమ్మ లారీ కిందికి దిగింది.

లేవబోతుంటే ఆ పిల్ల ఇంకొక మాట అడిగింది. "ఇంట్ల ఎవ్వరూ గమనించలేదా అమ్మా?" ఇంట్లో ఉండేది మా ఆయన ఒక్కడే, ఆయనకూ చెవుడే, ఎలా గమనిస్తాడు అన్నాను. ఆ మాట అనేసి బస్సెక్కాను గానీ, నేనుండే భేస్తాన్ వచ్చేలోగా అది నాకే తప్పుగా తోచడం మొదలైంది. నాలుగు రోజులుగా పాత నోటుపుస్తకం ముందు పెట్టుకుని లెక్క సరిచూస్తున్నాను.

మేము సూరత్ వచ్చింది 1976లో. జగిత్యాల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ళలో ఆయన ఒకరు. నేను 1981లో అదే కార్ఖానాలో బట్ట చెకింగుకు చేరి ఇరవై మూడేళ్ళు చేశాను. మగ్గం మీద దిగిన తానును ఇక్కడ టాకా అంటారు, నూరు మీటర్ల పైమాటే ఉంటుంది. కింద ట్యూబులైటు వెలిగే గాజుబల్ల మీద దాన్ని లాగుతూ తెగిన పోగు, జంట పోగు, నూనె మరక ఎక్కడ కనబడితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, చివర మొత్తం వేసి, పాస్ అనో, తప్పులెక్కువైతే సెకండ్స్ అనో రాయాలి. మన వయసు వాళ్ళలో మగ్గాల మధ్య బతికినవాళ్ళుంటే వేరే చెప్పనక్కరలేదు, ఆ షెడ్డులో నోటితో మాట్లాడటం అనేది ఉండదు. పోగు తెగిందంటే రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాలి, చాయ్ అంటే బొటనవేలు నోటి వైపు వంచాలి, బట్ట బాగుందంటే అరచేయి బల్లపరుపుగా పెట్టి గాలిలో నిమరాలి. పెదవులు చూసి మాట పట్టుకోవడం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది, వచ్చిందని కూడా మనకు తెలియదు.

ఆయనకు నలభై నిండకముందే చెవులు పోయాయి. మగ్గం మీది నుంచి తీసేసి, ఇంకొక నూలు యూనిట్లో గాలి కంప్రెసర్ దగ్గర ఫిట్టరుగా వేశారు. పైపుల్లో ఎక్కడ గాలి కారుతున్నా బుస్సుమంటుంది, అందరూ చెవితో పట్టుకుంటారు. ఆయన మాత్రం కింది పెదవి తడి చేసుకుని, జాయింటు దగ్గర మూతి పెట్టి, చల్లగా తగిలితే కారుతోందని తేల్చేవాడు. ఆ మురికి పైపులకు మూతి పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. చెకింగు సెలవు రోజున మధ్యాహ్నం అన్నం తీసుకుని వెళితే అక్కడి వాళ్ళు దూరం నుంచే "అగో, నీ చెవులు టిఫిన్ పట్టుకొని వస్తున్నయ్ రా" అని ఆయనను ఆటపట్టించేవాళ్ళు, నేను ఆ పైపుల పొడుగునా ఒకసారి నడిచి, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించేదాన్ని. నా చెవులంటే నాకు గర్వం. గోడ అవతల ఏ మగ్గం తప్పు నేస్తోందో చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని, ఆ సంగతి ఆయన ముందు తరచుగా చెప్పుకునేదాన్ని కూడా.

లారీ మా ఇంటికి వచ్చింది 1991లో. కతర్‌గామ్‌లో ఒక వజ్రాల సేఠ్ దగ్గర చిన్న కంప్రెసర్ మొండికేస్తే ఈయన వెళ్ళి బాగుచేశాడు. ఆ సేఠ్ బెల్జియం వెళ్ళి వస్తుండేవాడు, తన పిల్లల కోసం అక్కడి నుంచి తెచ్చిన బొమ్మ ఒకటి, వాళ్ళు పెద్దవాళ్ళై వదిలేసింది, ఈయన ఆశగా చూస్తుంటే అట్టపెట్టెతో సహా ఇచ్చేశాడు. ముక్కలు ముక్కలుగా ఉండి, ఒకదానికొకటి గుచ్చుకుంటూ కట్టుకునే పసుపురంగు క్రేన్ లారీ అది. దాని విశేషం ఏమిటంటే అది గాలితో పనిచేస్తుంది. స్ప్రింగు పెట్టిన చిన్న పంపు నొక్కితే సన్నని రబ్బరు గొట్టాల గుండా గాలి పోయి, వేలంత సిలిండరును తోస్తే క్రేన్ చెయ్యి పైకి లేస్తుంది. మధ్యలో ఒక వాల్వు, దానికి చిన్న మీట. అచ్చం ఆయన యూనిట్లో ఉండేదే, అరచేతిలో పట్టేంత. మాకు పిల్లలు లేరు. "మనింట్ల ఆడేటోళ్ళెవరున్నరు?" అన్నాను. "నేను లేనా?" అన్నాడు. రిటైరయ్యాక కడతానన్నాడు, రిటైరయ్యాక ఇంకా టైముంది కదా అన్నాడు, పెట్టె అటక మీదే ఉండిపోయింది.

2020 మార్చి 18, బుధవారం నాడు ఆయన ఊరికి వెళ్ళాడు. వాళ్ళ చిన్నాయన పోతే పదో రోజుకు ఉండి, వారంలో వచ్చేస్తానన్నాడు. తనకు ఎలాగూ వినబడదని ఫోను నాకే వదిలిపెట్టాడు. ఆ వారంలోనే అంతా మూతపడింది. ఆయన తమ్ముడి ఇంట్లో చిక్కుకుపోయాడు, నేను ఇక్కడ రెండు గదుల్లో ఒక్కదాన్ని. నలభై నాలుగేళ్ళలో మొదటిసారి భేస్తాన్‌లో మగ్గాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎంతటిదంటే, కుక్కరు ఈల కూడా ఎక్కడో దూరంగా వేసినట్టుండేది. ఊరంతా నోరు మూసుకుంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఏప్రిల్ 3న మా తోడికోడలు ఫోను చేసింది. సగం మాటలు అందలేదు, సిగ్నలు లేదు, గట్టిగా చెప్పమన్నాను. "అక్కా, బావ మెతుకు ముడుతలేడు. ఇయ్యాల పొద్దుగాల చెప్పకుండ రోడ్డు పట్టిండు, సూరత్‌కు నడిచి పోతడంట. మీ మరిది బండేసుకపోయి ఎనుకకు తెచ్చిండు. ఎంత చెప్పినా ఇనడు, ఇనిపించదాయె." డెబ్బయ్యేళ్ళ మనిషి, దగ్గర దగ్గర తొమ్మిది వందల కిలోమీటర్లు. ఆ రోజుల్లో రోడ్ల మీద నడిచేవాళ్ళను టీవీలో చూస్తూనే ఉన్నాను. ఇంకొకసారి బయలుదేరితే తమ్ముడి కంట పడకుండానే బయలుదేరతాడు, ఆ మొండితనం నాకు తెలుసు.

రెండు రోజుల తర్వాత, ఆ ఆదివారం రాత్రికి అందరూ దీపాలు పెట్టాలన్నారు కదా, ప్రమిదల కోసం స్టూలు వేసుకుని అటక ఎక్కాను. ప్రమిదల వెనక ఆ అట్టపెట్టె ఉంది. అప్పుడు టైము చూశాను, తొమ్మిది నలభై. దించి ముక్కలన్నీ చాప మీద పోసి లెక్కపెట్టాను. మొదటిసారి 487, రెండోసారి 486, మూడోసారి 487. తోడికోడలికి వీడియో కాల్ చేసి, ఫోను ఆయన ముందు పెట్టమని, చాప మీది ముక్కలు చూపించి, ఒక మాట ఆయన చెవిలో అరవమన్నాను. "నువ్వు నడిచొస్తే దీన్ని ఎవరు చూస్తరు? రోజూ పదింటికి ఫోను ముంగట కూసో. నువ్వు చూడంది ఒక్క ముక్క పెట్ట." ఆయన చాలాసేపు ఆ ముక్కల్నే చూశాడు. తర్వాత వేళ్ళు గుండ్రంగా తిప్పి, ముందు చక్రాలు వేరు చెయ్యి అన్నాడు. అన్నం తిన్నాడని మధ్యాహ్నం కబురు వచ్చింది.

పెట్టెలో వచ్చిన పుస్తకంలో మాటలు లేవు, ఎలా కట్టాలో చూపే బొమ్మలే అన్నీ, ముప్ఫై నాలుగు పేజీలు. ఒక్క రోజులో నాలుగు పేజీలు కట్టగలను. కానీ రోజుకు ఒకటే కట్టాను. ఆ సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది, అడగలేదు. ఏప్రిల్ 6న మొదలుపెడితే మే 9న అయింది. దారిలో ఏడు ముక్కలు లేవని తేలింది. రెండింటికి రీఫిల్ పుల్ల కోసి పెట్టాను, ఒకదానికి అగ్గిపుల్ల, మిగతా నాలుగూ బరువు మోసేవి కావు గనుక వదిలేశాను. ఆయన చేతులతో చెప్పేవాడు, నేను చేతులతో అడిగేదాన్ని, మధ్యలో తోడికోడలు అరిచేది. "మీ ఇద్దరి నడుమ నా గొంతు పోతున్నదక్కా. బావకన్న నీకే ఎక్కువ ఒర్రాల్సొస్తున్నది" అని ఒకసారి విసుక్కుంటే, ఎగతాళికి అంటోందనుకుని నవ్వాను.

కట్టడం అయ్యాక నా అలవాటు కొద్దీ టాకాను చూసినట్టే ఆ లారీని ఆ కొస నుంచి ఈ కొసకు చూసి, నా నోటుపుస్తకంలో రాశాను. టైర్లు మంచివి, ముప్ఫై ఏళ్ళకూ పగలలేదు. పసుపు ఒక పక్క వెలిసింది. లోపల డ్రైవరు సీటు ఉంది, స్టీరింగు ఉంది, కానీ అది తిప్పితే చక్రాలు తిరగవు, నెత్తి మీది గుండీ తిప్పితేనే తిరుగుతాయి. ఇది కొనేవాళ్ళను మోసం చేయడమే. తలుపులు లేవు. చూడ్డానికి పాస్, పనికి పరీక్ష మిగిలి ఉంది. మే 10 ఆదివారం పది గంటల ఐదు నిమిషాలకు కొక్కేనికి నూలు చుట్టే ఖాళీ బాబిన్ ఒకటి తగిలించి పదకొండుసార్లు పంపు కొట్టాను. చెయ్యి లేచింది. తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల ఆయన ముఖం విప్పారింది. వాల్వు మీట మధ్యలో పెడితే గాలి బిగిసి, చెయ్యి అక్కడే నిలవాలి. నిలవలేదు. మెల్లగా, తలవంచుకున్నట్టు దిగిపోయింది. మూడు నిమిషాల నలభై సెకన్లు. ఆయన ముఖమూ దిగింది, ఆ పూట మళ్ళీ అన్నం ముట్టలేదని తోడికోడలు చెప్పింది.

అందుకని మేమొక ఒప్పందం చేసుకున్నాం. నా పొద్దుటి చాయ్ వేళ తొమ్మిది నలభై, అన్నం వేళ పన్నెండున్నర. ఈ రెంటి మధ్య నూట డెబ్బై నిమిషాలు బాబిన్ మోస్తూ చెయ్యి నిలబడితే ఆయన పాస్ వేస్తాడు. అంతవరకూ నడక మాట ఎత్తకూడదు. ఆయన చేతులు జోడించి ఒప్పుకున్నాడు.

రోజూ కొట్టడం, గడియారం చూడటం, రాయడం. నాలుగు నిమిషాలు, మూడున్నర, నాలుగుం పావు. ఎక్కడో కారుతోంది, ఎక్కడో తెలియదు. గదిలో గోడ గడియారం తప్ప కదిలే వస్తువు లేదు, అలాంటి చోట ఊపిరి బిగబట్టి ఒక్కో జాయింటు దగ్గర చెవి పెట్టి విన్నాను. ఏ చప్పుడూ లేదు. మే 27, బుధవారం ఆయన ఒక ఉపాయం చెప్పాడు, ఒక పోగు తీసి జాయింట్ల దగ్గర పట్టుకోమన్నాడు. చీర అంచులోంచి తెల్ల పోగు లాగి, ఫోను నిలబెట్టి, ఒక్కో చోట పట్టుకుంటూ వచ్చాను. వాల్వు దగ్గర పోగు రెపరెపలాడింది. ఆయన అరచేయి చెవి దగ్గర దొప్పలా పెట్టి, కనుబొమ్మలు ఎత్తి అడిగాడు, వినబడుతోందా అని. లేదు, చప్పుడే లేదు అని చెయ్యి ఊపాను. పోగు ఇంకా ఆడుతూనే ఉంది. ఆయన కదలకుండా నావైపే చూస్తూ ఉండిపోయాడు. ఫోనులో బొమ్మ ఆగిపోయిందనుకుని, తోడికోడలిని పిలిచి సిగ్నలు చూడమన్నాను. కొంతసేపటికి ఆయన చెయ్యి లేచింది, చూపుడువేలు కింది పెదవి మీద పెట్టుకున్నాడు. పెదవితో చూడు.

నేను అంతగా తిట్టిన పనే చేశాను. తడి పెదవికి వాల్వు దగ్గర చీమ పాకినట్టు చల్లగా తగిలింది. గొట్టం కొస బిరుసెక్కి పగిలింది. పగిలిన మేర కోసి మళ్ళీ తొడిగాను, ఇరవై రెండు నిమిషాలు నిలిచింది. అక్కడి నుంచి అదే పని. పెదవితో వెతకడం, అరంగుళం, పావంగుళం కోయడం, వేడినీళ్ళలో నానబెట్టి మెత్తబరిచి తొడగడం. కొబ్బరినూనె రబ్బరును తినేస్తుంది, ఆముదం ఒక్క చుక్క సిలిండరు కడ్డీకి రాయి అన్నాడాయన. నలభై ఒక్క నిమిషాలు, గంటా పది, రెండు గంటలు. జూన్‌లో మా వీధి చివరి కార్ఖానా తెరిచారని పాలవాడు చెప్పాడు. కాలి కింద నేల వణకడం తెలిసింది, చప్పుడు మాత్రం పక్క ఊళ్ళోంచి వచ్చినట్టుంది. మనవాళ్ళంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు, నాలుగు మగ్గాలే నడుస్తున్నాయి కాబోలు అనుకున్నాను. తప్పు లెక్క వేయడానికి కూడా కారణాలు ఎంత చక్కగా అమరుతాయో చూడండి.

ఆగస్టు 23, ఆదివారం, చెయ్యి తొమ్మిది నలభై నుంచి పన్నెండున్నర దాకా నిలబడింది. ఆయన వీడియోలో చూసి తల ఊపాడు గానీ అరచేయి నిమిరి చూపలేదు. ఎదురుగా చూశాకే పాస్ అన్నాడు.

సెప్టెంబరు 16, బుధవారం, రైలు దిగి వచ్చాడు. ఇరవై ఆరు వారాలు. మనిషి సగమయ్యాడు. మరునాడు పొద్దున చాయ్ తాగి లారీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, నేను పదకొండుసార్లు పంపు కొట్టి మీట మధ్యలో పెట్టి వంటకు లేచాను. పన్నెండుంబావుకు పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగితే, గడపలో ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో తెలియదు. ముఖం అదోలా ఉంది. చెయ్యి దిగిందా అని అడిగాను. లేదన్నట్టు తల ఊపి, నీళ్ళు కావాలని గ్లాసు చూపించాడు. పన్నెండున్నరకు ఇద్దరం లారీ ముందు నిలబడ్డాం. బాబిన్ అలాగే వేలాడుతోంది. ఆయన వంగి, కింది పెదవి తడి చేసుకుని, వాల్వు దగ్గర పెట్టి చూసి, లేచి నావైపు తిరిగి, అరచేయి బల్లపరుపుగా పెట్టి మెల్లగా గాలిలో నిమిరాడు. పాస్.

ఆ రోజు నుంచి ఆయన నన్ను పిలవడం మానేశాడు. ఇది ఎవరికీ చెప్పుకోని బాధ, మీకు చెబుతున్నాను. అంతకుముందు ముందుగదిలోంచి, స్నానాల గదిలోంచి, వీధి మలుపు నుంచి కూడా "ఏమే" అని నలుగురికీ వినబడేలా కేకేసే మనిషి. ఊరి నుంచి వచ్చాక ఒక్కసారి కూడా వెనక నుంచి పిలవలేదు. ఏం కావాలన్నా లేచి వచ్చి, కాలితో నేలను ఒకసారి తట్టి, నా ఎదురుగా నిలబడి, చేతులతోనే చెప్పేవాడు. మాట్లాడితే ముఖం చూసే మాట్లాడేవాడు, అదీ తక్కువ. తమ్ముడి ఇంట్లో ఆరు నెలలు ఉండి మనసు విరిగిందనుకున్నాను, నా మీద విసుగనుకున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరం ఉండి, ఒక్కదాన్నే ఉన్నప్పటికంటే ఎక్కువ ఒంటరిగా అనిపించిన రోజులున్నాయి. ఒకసారి కోపం పట్టలేక, నా పేరు మరిచిపోయినవా అని అడిగాను కూడా. ఆయన నా ఎదుటికి వచ్చి నవ్వి, పోగు తెగలేదు అన్నట్టు రెండు వేళ్ళు జతగా పట్టి చూపించాడు. నాకు ఇంకా కోపం వచ్చింది.

2022 డిసెంబరు 8, గురువారం, గుండె ఆగి పోయాడు.

ఇప్పుడు లెక్క సరిపోతోంది. మే 27న ఫోనులో బొమ్మ ఆగలేదు. పోగు అంతగా ఆడుతుంటే చప్పుడు లేదన్న మనిషిని ఆయన చూస్తున్నాడు. ఆ గడపలో గ్లాసు పట్టుకుని ఎన్నిసార్లు పిలిచి చూశాడో, అది నేను లారీకి పెట్టిన పరీక్ష లాంటిదే, కాకపోతే ఆయన ఫలితం బయట పెట్టలేదు. చెవులు పోయాయని తెలిసిన రోజున మగ్గం మీది నుంచి తనను ఎలా దించారో ఆయనకు గుర్తుండి ఉంటుంది. నా చెవుల గొప్ప నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో అదీ గుర్తుండి ఉంటుంది. వచ్చిన మరునాటి నుంచి పోయిన రోజు దాకా ఎనిమిది వందల పదమూడు రోజులు, నొప్పి పట్టిన మోకాళ్ళతో ప్రతిసారీ లేచి వచ్చి ఎదుట నిలబడి మాట్లాడాడు. నేను దాన్ని పిలవకపోవడం కింద రాసుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో కొత్త మగ్గాలు వచ్చాయి, నీళ్ళతో నేసేవట, నడిపే పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని తిరుగుతుంటారు. బట్టను కెమెరా చూస్తుందంటున్నారు. చేతుల భాష ఎవరికీ రాదు. చాయ్ అని బొటనవేలు వంచితే ఆ పిల్లలు మర్యాదగా నవ్వి వెళ్ళిపోతారు. లారీ ముందుగదిలో బీరువా మీద ఉంది. నిన్న దించి పదకొండుసార్లు పంపు కొట్టాను, బాబిన్ తగిలించాను. రెండు గంటల ఐదు నిమిషాలు నిలిచి దిగింది. ఆముదం వేయాలి.

పోయినవి నోటుపుస్తకంలో ఇలా రాశాను. లారీ ముక్కలు, ఏడు. గొట్టం, మూడుం పావు అంగుళాలు. ఆయన ఊళ్ళో, నేను ఇక్కడ ఉన్న రోజులు, నూట ఎనభై రెండు. కుడి చెవి, డాక్టరమ్మ లెక్కన దాదాపు మొత్తం. ఎడమ చెవి, సగం పైన. మనిషి, ఒకరు. ఆయన "ఏమే" అని పిలిస్తే నేను చివరిసారి విన్న పిలుపు, ఒకటి. తేదీ తెలియదు.